ఓడినోడు ఛాంపియన్ ఎట్లా అయినాడు?

2025 జులై 20, ఆదివారం. తెల్లవారుజాము మూడు కావస్తోంది. తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి హాల్లో ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టుకుని నేనూ మా మామా కూర్చున్నాం. పొద్దున్నే నడిచి కొండెక్కాలని ఆయన ముందురోజు సాయంత్రమే చిత్తూరు నుంచి వచ్చాడు. లోపలి గదిలో అమ్మ అప్పటికే లేచి టీవీలో సుప్రభాతం పెట్టింది. ఫోన్ సౌండ్ తగ్గించమని రెండుసార్లు కేకేసింది. లండన్ వెంబ్లీ స్టేడియంలో దాదాపు తొంభై వేల మంది గొంతు చించుకుంటుంటే మా హాల్లోకి వచ్చింది దోమల రొదంత.

ఐదో రౌండ్. ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ కుడిచేత్తో వేసిన హుక్‌కు బ్రిటన్ బాక్సర్ డేనియల్ డుబ్వా కూలబడ్డాడు. లేచాడు గానీ కాళ్లు ఇంకా ఆయన మాట వినడం లేదు. అంతలోనే ఉసిక్ ఎడమ చెయ్యి దవడను వెతుక్కుంటూ వచ్చింది. ఆ దెబ్బకు ఉసిక్ 'ఇవాన్' అని పేరు కూడా పెట్టుకున్నాడు. రెఫరీ పది లెక్కపెట్టేశాడు. రౌండ్ మొదలై రెండు నిమిషాలు కూడా కాలేదు. హెవీవెయిట్, అంటే అందరికన్నా బరువైనవాళ్ల విభాగంలో ప్రపంచ ఛాంపియన్‌కు దక్కే నాలుగు బెల్టులూ మళ్లీ ఉసిక్ దగ్గరికి చేరాయి.

మామకు సంతోషం కన్నా అనుమానమే ఎక్కువైంది. "రెండేళ్ల కింద పోలండులో వీణ్ణే కదరా కొట్టినాడు? ఓడినోడు మళ్లీ ఛాంపియన్ ఎట్లా అయినాడు? ఉసిక్ మధ్యలో ఎవురితోనన్నా ఓడినాడా?"

ఓడలేదు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి వచ్చాక ఉసిక్ అప్పటిదాకా ఒక్క పోటీ కూడా ఓడలేదు. అయినా నాలుగు బెల్టుల్లో ఒకటి ఆయన చేతి నుంచి జారిపోయి, ఆయన ఓడించిన మనిషి నడుముకు చేరింది. దాన్ని మళ్లీ గెలుచుకోవడానికే ఆ రాత్రి వెంబ్లీకి రావాల్సి వచ్చింది. అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టినప్పటి నుంచి గాలిగోపురం దాకా చెప్పినా ఈ కథ తెగలేదు. ఆయాసంలో నేను మింగేసిన ముక్కలు కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఛాంపియన్ అనే మాట దగ్గరే చిక్కు ఉంది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. అది అమెచ్యూర్ పద్ధతి. టోర్నమెంట్ పెడతారు, డ్రా తీస్తారు, వరసగా గెలిచినవాళ్లకు బంగారు పతకం. మరుసటి టోర్నమెంట్‌లో పాత ఛాంపియన్ కూడా అందరితోపాటు మొదటి రౌండ్ నుంచి రావాల్సిందే. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మామూలుగా టోర్నమెంట్ ఉండదు, సీజన్ ఉండదు. బెల్ట్ ఒక మనిషి దగ్గర ఉంటుంది, కావాలంటే వచ్చి ఆయన్ని కొట్టి తీసుకోవాలి. కనుమ రోజుల్లో చంద్రగిరి దగ్గర రంగంపేటలో ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు చూడండి, ఇంచుమించు అదే. పలక కావాలంటే ఎద్దు మీదికి పోవాలి. ఛాంపియన్ తన బెల్టును పందెంలో పెట్టి రింగులోకి దిగితే దాన్నే టైటిల్ డిఫెన్స్ అంటారు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఎద్దు కొమ్ములకు ఒక పలక కాదు, నాలుగు ఉన్నాయి. నాలుగూ కట్టింది వేర్వేరు మనుషులు.

చిత్తూరు సీమను ఒకప్పుడు పాలెగాళ్లు పంచుకుని ఏలినట్టు బాక్సింగ్‌ను నాలుగు సంస్థలు పంచుకున్నాయి. అన్నింటికన్నా పాతది డబ్ల్యూబీఏ. 1921లో అమెరికాలో వేరే పేరుతో పుట్టి 1962లో ఈ పేరు పెట్టుకుంది. డబ్ల్యూబీసీ 1963లో మెక్సికోలో వచ్చింది, ఐబీఎఫ్ 1983లో, డబ్ల్యూబీవో 1988లో. వీటి మీద పెత్తనం చేసే పై సంస్థ ఏదీ లేదు. ఎవరి ర్యాంకులు వాళ్లవి, ఎవరి బెల్ట్ వాళ్లది, ఎవరి రూల్ పుస్తకం వాళ్లది. తమ బెల్ట్ కోసం పోటీ జరిగినప్పుడల్లా బాక్సర్ల పారితోషికంలో 3 శాతం దరిదాపుల్లో ఫీజు తీసుకుంటాయి. కప్పం అంటే మామకు వెంటనే అర్థమైంది. నాలుగు బెల్టులున్న ఛాంపియన్ నలుగురికీ కప్పం కట్టాలి, నలుగురి మాటా వినాలి. అసలు తలనొప్పి ఈ రెండోదే.

వాళ్లు చెప్పే మాట ఏమిటంటే, ఫలానా గడువులోపు మా ర్యాంకుల్లో ముందున్న ఫలానా మనిషితో తలపడు అని. దీన్ని మ్యాండేటరీ డిఫెన్స్ అంటారు. ఐబీఎఫ్‌లో మామూలుగా తొమ్మిది నెలలు గడువు, డబ్ల్యూబీసీలో ఏడాది. తిరుపతి వాళ్లకు ఇది అర్థం చేయించడం కష్టం కాదు. మ్యాండేటరీ ఛాలెంజర్ అంటే సర్వదర్శనం కంపార్ట్‌మెంట్‌లో గంటల తరబడి కూర్చున్న భక్తుడు. ఎప్పుడో ఒకప్పుడు గేటు తీయాల్సిందే. ఛాంపియన్ తనకు తానుగా ఎంచుకుని, బాగా డబ్బులొచ్చే ప్రత్యర్థితో ఆడేది వాలంటరీ డిఫెన్స్. అది బ్రేక్ దర్శనం. టీవీ వాళ్లకూ ప్రమోటర్లకూ బ్రేక్ దర్శనమే ఇష్టం. కంపార్ట్‌మెంట్‌లో ఉన్నవాడు మాత్రం లోపల కూర్చుని అరుస్తుంటాడు. ఒక దేవుడికి నాలుగు క్యూలు, నాలుగింటి గేట్లూ ఒకేసారి తెరవాలంటే ఏం చేయాలి? నాలుగు సంస్థలూ వంతులు వేసుకోవాలి. వంతు కుదరని చోట ఎవరో ఒకరికి కోపం వచ్చి బెల్ట్ వెనక్కి లాక్కుంటారు.

ఎదురెదురు ప్రమోటర్లకు డబ్బు దగ్గర మాట కుదరకపోతే దానికీ ఒక పద్ధతి ఉంది, పర్స్ బిడ్. సీల్డ్ కవర్లలో అంకెలు రాసిస్తారు, అందరి ముందూ తెరుస్తారు. రోడ్డు టెండర్లో తక్కువ కోట్ చేసినవాడికి పని, ఇక్కడ ఎక్కువ రాసినవాడికి పోటీ.

ఇప్పుడు ఉసిక్ దగ్గరికి వద్దాం. 2021 సెప్టెంబర్‌లో లండన్‌లో ఆంథొనీ జాషువాను ఓడించి డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో బెల్టులు మూడూ తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులో జెడ్డాలో అదే జాషువాను మళ్లీ ఓడించాడు. 2023 ఆగస్టులో పోలండులోని వ్రోత్స్వాఫ్‌లో డుబ్వాతో మొదటి పోటీ. ఐదో రౌండ్‌లో డుబ్వా కొట్టిన దెబ్బకు ఉసిక్ కింద పడిపోయాడు. అది నడుము పట్టీకి కింద తగిలిందని రెఫరీ తేల్చాడు. నడుము కింద దెబ్బ తగిలినవాడు తేరుకోవడానికి ఐదు నిమిషాల దాకా సమయం ఇవ్వొచ్చు. ఉసిక్ దాదాపు నాలుగు నిమిషాలు తీసుకుని లేచాడు, తొమ్మిదో రౌండ్‌లో డుబ్వాను నాకౌట్ చేశాడు. అది సరైన దెబ్బేనని డుబ్వా వాళ్లు గొడవ పెట్టారు. నేను ఆ వీడియోను ఎన్నోసార్లు ఆపి ఆపి చూశాను. గ్లవ్ సగం పట్టీ మీద, సగం కింద. నేనైతే రెఫరీ వైపే ఉంటాను గానీ, పోటీ పెట్టుకునేవాడితో పందెం మాత్రం కాయను.

2024 మే 18న రియాద్‌లో డబ్ల్యూబీసీ ఛాంపియన్ టైసన్ ఫ్యూరీని ఓడించడంతో నాలుగు బెల్టులూ ఒకచోట చేరాయి. హెవీవెయిట్‌లో నాలుగూ ఒకే మనిషి దగ్గర ఉండటం అదే మొదలు. అంతకుముందు తిరుగులేని ఛాంపియన్ అనిపించుకున్నవాడు లెనాక్స్ లూయిస్, 1999 నవంబర్‌లో. అప్పటి లెక్క మూడు బెల్టులే. అంటే పాతికేళ్ల తర్వాత దక్కిన ముచ్చట. ఎన్నాళ్లు నిలిచింది? నెల పైన కొద్ది రోజులు.

ఫ్యూరీతో రాసుకున్న ఒప్పందంలో రెండో పోటీ ఉండాలన్న షరతు ఉంది. ఓడినవాడు అడిగితే మళ్లీ ఆడాల్సిందే. ఐబీఎఫ్ మాత్రం మా క్యూలో ఉన్నవాడి సంగతేంటని అడిగింది. ఆ క్యూలో ముందున్నది ఎవరంటే, జూన్ 1న ఫిలిప్ హెర్గోవిచ్‌ను ఓడించి ఐబీఎఫ్ ఇంటరిమ్ బెల్ట్ గెలిచిన డుబ్వా! ఇంటరిమ్ అంటే తాత్కాలిక ఛాంపియన్, మన ఆఫీసుల్లో ఇన్‌చార్జి లాగా. ఇటు ఫ్యూరీ ఒప్పందం, అటు ఐబీఎఫ్ ఆదేశం. ఉసిక్ జూన్ నెలాఖరులో ఆ బెల్టును తనే వదిలేశాడు. ఇన్‌చార్జిగా ఉన్న డుబ్వాను ఐబీఎఫ్ పర్మనెంట్ చేసింది. మామ ప్రశ్నకు సూటి జవాబు ఇదే. ఓడినవాడు ఛాంపియన్ అయింది కాగితం మీద.

కాగితం ఛాంపియన్ అని ఎగతాళి చేయడానికీ వీల్లేకుండా చేశాడు డుబ్వా. సెప్టెంబర్‌లో ఇదే వెంబ్లీలో జాషువాను చితక్కొట్టి ఐదో రౌండ్‌లో పడగొట్టాడు. డిసెంబర్‌లో ఉసిక్ ఫ్యూరీని రెండోసారి ఓడించాడు. ఈసారి ముగ్గురు జడ్జీలూ 116-112 అనే ఇచ్చారు. ఉసిక్, డుబ్వా మళ్లీ ఎదురుపడేసరికి 2025 జులై వచ్చింది. ఛాంపియన్‌ను ఛాంపియన్ కొట్టడమంటే అదీ.

దీన్ని కొత్త రోగం అనుకోవద్దు. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ మహమ్మద్ అలీని ఓడించాడు. వెంటనే కెన్ నార్టన్‌తో ఆడమని డబ్ల్యూబీసీ చెబితే, స్పింక్స్ అలీతోనే మళ్లీ ఆడతానన్నాడు. డబ్ల్యూబీసీ బెల్ట్ లాక్కుని నార్టన్‌కు ఇచ్చింది. జూన్‌లో లారీ హోమ్స్ చేతిలో అదీ పోయింది. పాపం నార్టన్ ఒక్క టైటిల్ పోటీ కూడా గెలవకుండానే హెవీవెయిట్ ఛాంపియన్ల జాబితాలో ఉన్నాడు. 1992 డిసెంబర్‌లో రిడిక్ బో లెనాక్స్ లూయిస్‌తో ఆడటం ఇష్టం లేక డబ్ల్యూబీసీ బెల్టును లండన్‌లో ఫొటోగ్రాఫర్ల ముందే చెత్తబుట్టలో పడేశాడు. అది లూయిస్‌కు చేరింది. 2015 నవంబర్‌లో ఫ్యూరీ జర్మనీలో వ్లాదిమిర్ క్లిచ్‌కోను ఓడిస్తే, రెండు వారాలు తిరక్కముందే ఐబీఎఫ్ తన బెల్టును వెనక్కి తీసుకుంది. కారణం మళ్లీ అదే, రీమ్యాచ్ ఒప్పందం ఒకవైపు, మ్యాండేటరీ ఇంకోవైపు.

మామ ఇదంతా విని, "మా కాలంలో ఇట్లా లేదబ్బా, అలీ అంటే అలీనే" అన్నాడు. ఈ మాట అనడానికి ఆయనకు హక్కుంది. 1980లో అలీ మద్రాసుకు వచ్చినప్పుడు, ఇంట్లో చెప్పకుండా చిత్తూరు బస్టాండ్‌లో మద్రాసు బస్సెక్కి పోయి నెహ్రూ స్టేడియంలో చూసొచ్చాడు మా మామ. అలీ తన పాత స్నేహితుడు జిమ్మీ ఎల్లిస్‌తో సరదా పోటీ ఆడాడు. అలీ తల వెనక్కి వాల్చి దెబ్బ తప్పించుకుంటే జనం ఎట్లా లేచి నిలబడ్డారో మా మామ మా పెళ్లిళ్లన్నింటిలో చేసి చూపించాడు.

గాలిగోపురం దగ్గర మజ్జిగ తాగుతూ మెల్లగా చెప్పాను. మామా, నువ్వు చూసిన రోజున అలీ ఛాంపియన్ కాదు. ముందు సంవత్సరమే రిటైర్ అయ్యాడు. ఆ రోజుకి ప్రపంచంలో ఇద్దరు హెవీవెయిట్ ఛాంపియన్లు ఉన్నారు, డబ్ల్యూబీసీకి లారీ హోమ్స్, డబ్ల్యూబీఏకి జాన్ టేట్. ఇక నువ్వు చూసిన రెండో మనిషి, ఆ ఎల్లిస్, ఆయన కథ ఇంకా విచిత్రం. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని 1967 ఏప్రిల్‌లో అలీ తెగేసి చెబితే ఆయన టైటిల్ పీకేశారు. రింగులో ఎవరూ ఓడించలేదు. ఖాళీ అయిన బెల్ట్ కోసం డబ్ల్యూబీఏ ఎనిమిది మందితో టోర్నమెంట్ పెట్టింది. జో ఫ్రేజర్ అందులో చేరనన్నాడు. 1968 ఏప్రిల్‌లో జెర్రీ క్వారీని ఓడించి ఆ బెల్ట్ గెలిచింది ఎవరనుకున్నావు? ఎల్లిసే. ఒకప్పుడు అలీకి ప్రాక్టీస్‌లో ఎదురు నిలబడిన మనిషి. 1970లో ఫ్రేజర్ దాన్ని తీసుకున్నాడు. అంటే ఆ రోజు నెహ్రూ స్టేడియంలో ఓడకుండానే బెల్ట్ పోగొట్టుకున్నవాడూ, ఆ పోయిన బెల్టును ఎత్తుకున్నవాడూ ఒకే రింగులో నవ్వుకుంటూ ఆడుకున్నారు.

మామ చాలాసేపు మాట్లాడలేదు. ఆయాసమేమో అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

రింగు బయట సంగతి ఇదైతే, లోపలి లెక్కలు కాస్త నిజాయితీగా ఉంటాయి. ఛాంపియన్‌ను ఓడించాలంటే చిత్తుగా ఓడించాలి, లేకపోతే జడ్జీలు ఇవ్వరు అని చాలామంది అంటారు. అట్లాంటి రూల్ ఎక్కడా లేదు. ఛాంపియన్‌కు ఉన్న సౌకర్యం ఒక్కటే, డ్రా అయితే బెల్ట్ ఆయన దగ్గరే ఉంటుంది. 2018 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో డియాంటే వైల్డర్, ఫ్యూరీల పోటీలో ఒక జడ్జి వైల్డర్‌కు, ఒకరు ఫ్యూరీకి ఇచ్చారు, మూడో ఆయన 113-113 సమానం అన్నాడు. వైల్డర్ బెల్ట్ వైల్డర్ దగ్గరే మిగిలింది.

మొదటి ఉసిక్, ఫ్యూరీ పోటీలో ఈ లెక్కను కాగితం మీద వేసి చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, కింద పడితే 8. పన్నెండు రౌండ్లూ మామూలుగా జరిగితే ఒక్కో జడ్జి ఇద్దరికీ కలిపి ఇచ్చే మొత్తం 228. ఆ రాత్రి కార్డులు చూస్తే 115-112, 114-113 ఉసిక్‌కు, 114-113 ఫ్యూరీకి. ఏది కూడినా 227. ఆ తగ్గిన ఒక్క పాయింట్ తొమ్మిదో రౌండ్‌ది. ఉసిక్ దెబ్బలకు ఫ్యూరీ తూలి తాళ్ల మీద పడితే రెఫరీ దాన్ని పడిపోయినట్టుగానే లెక్కించి నంబర్లు చదివాడు. అట్లా చదవకుండా ఊరుకుని ఉంటే ఫ్యూరీకి 8 బదులు 9 వచ్చేది. ఉసిక్‌కు 114-113 ఇచ్చిన కార్డు 114-114 అయిపోయేది. ఒకరు ఇటు, ఒకరు అటు, ఒకరు సమానం. పోటీ డ్రా. ఎవరి బెల్టులు వాళ్లు పట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. పాతికేళ్ల నిరీక్షణ ఆ కొన్ని సెకన్ల లెక్కింపు మీద నిలబడింది.

పన్నెండు రౌండ్లు అన్నాను గానీ, ఇది కూడా తర్వాత వచ్చిందే. 1982 నవంబర్‌లో లైట్‌వెయిట్ టైటిల్ పోటీలో రే మాన్సీని చేతిలో దెబ్బతిని కొరియా కుర్రాడు కిమ్ డుక్ కూ చనిపోయాడు. ఆ తర్వాతే పదిహేను రౌండ్లను పన్నెండుకు తగ్గించారు. ఈ మూడు రౌండ్ల విలువ తెలియాలంటే 1941 జూన్‌కు పోవాలి. ఛాంపియన్ జో లూయిస్ మీద తనకన్నా బాగా తక్కువ బరువున్న బిల్లీ కాన్ పన్నెండు రౌండ్లయ్యేసరికి రెండు కార్డుల్లో ముందున్నాడు, మూడోది సమానం. ఇప్పటి రూల్ అయితే గంట కొట్టి కాన్ చెయ్యి ఎత్తేవాళ్లు. అప్పుడు ఇంకా మూడు రౌండ్లున్నాయి. పదమూడో రౌండ్‌లో లూయిస్ పడగొట్టేశాడు. ఆ ఒక్క 1941లోనే లూయిస్ ఏడుసార్లు టైటిల్ డిఫెండ్ చేశాడు. 1937 నుంచి 1949 దాకా మొత్తం 25. ఉసిక్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాక 2025 జులై దాకా ఆడిందే ఐదు పోటీలు. ఇప్పటివాళ్లు బద్ధకస్తులని కాదు. ఒక్కో పోటీకి నెలల తరబడి క్యాంప్, దాని వెనక కోట్ల డాలర్ల ఒప్పందాలు, లాయర్లు. సంతకాలకు పట్టే టైమే ఎక్కువ.

డిఫెన్స్‌లో మరీ ప్రమాదమైనది మొదటిదే అని నా అనుమానం. హెవీవెయిట్‌కు 200 పౌండ్లు, అంటే 90.7 కిలోలు దాటాలి. పైకి హద్దు లేదు. ఈ హద్దు లేకపోవడమే కొంపలు ముంచుతుంది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్‌ను పడగొట్టి లోకాన్ని నివ్వెరపరిచిన బస్టర్ డగ్లస్ ఎనిమిది నెలల తర్వాత మొదటి డిఫెన్స్‌కు ఆరు కిలోలకు పైగా పెరిగి వచ్చాడు. ఎవాండర్ హోలీఫీల్డ్ మూడో రౌండ్‌లో ముగించాడు. 2019 జూన్‌లో జాషువాను ఓడించిన ఆండీ రూయిజ్ డిసెంబర్ రీమ్యాచ్‌కు ఏడు కిలోలు ఎక్కువ తూగాడు, బెల్టులు తిరిగి ఇచ్చేశాడు. గెలిచాక విందులు ఎక్కువవుతాయి మరి. నాకు ఉసిక్ నచ్చేది ఇక్కడే. 103 కిలోల మనిషి, అవతల 110 కిలోల డుబ్వా, అంతకన్నా భారీ ఫ్యూరీ. పక్కకు జరిగే అడుగులు నాలుగేళ్లలో ఒక్క అంగుళం బద్ధకించలేదు.

2025 నవంబర్‌లో ఇంకో వార్త వచ్చింది. ఈసారి క్యూ డబ్ల్యూబీవోది. జోసెఫ్ పార్కర్‌తో ఆడమని జులైలోనే ఉసిక్‌కు చెప్పింది. ఉసిక్ నడుము నొప్పి అని గడువు అడిగాడు. పార్కర్ ఎదురుచూడటం మాని అక్టోబర్ 25న లండన్‌లో ఫాబియో వార్డ్లీతో ఆడి పదకొండో రౌండ్‌లో ఓడాడు. కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవాడు కాఫీకి బయటికొచ్చి వరస పోగొట్టుకున్నట్టయింది. వార్డ్లీ ముందుకొచ్చాడు. ఉసిక్ డబ్ల్యూబీవో బెల్ట్ వదిలేశాడు, సంస్థ దాన్ని వార్డ్లీకి ఇచ్చింది.

చిత్తూరుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఎవురితో ఓడినాడు?"

"ఎవరితోనూ ఓడలేదు మామా. వదిలేశాడు."

"ఆ వార్డ్లీ అనేటోడు ఉసిక్‌ను ఎప్పుడన్నా కొట్టినాడా?"

"వాళ్లిద్దరూ రింగులో ఎదురుపడనే లేదు."

అవతల కాసేపు టీవీ చప్పుడు వినిపించింది. "అయితే వీడూ ఎల్లిసే" అన్నాడు మామ.